వాళ్ళ అవసరం, మన తొందర

మొన్న ఆదివారం వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఎవరో ఆడపిల్ల "అప్పా! అప్పా!" అని గుండెలవిసేలా ఏడవడం వినిపించింది. మా మదనపల్లెలో ఎవరు ఎవర్ని పిలిచినా అప్పా అనే పిలుస్తారు. కూరగాయల బండాయన అప్పానే, ఆటో నడిపే పిల్లోడూ అప్పానే. వీధిలో ఎవరికో ఏదో అయిందని చేటతో సహా బయటికి పరిగెత్తాను. వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. ఏడుపు మాత్రం మా హాల్లోంచే వస్తోంది. చూస్తే, మా మనవరాలి ఫోన్లో కొరియా సీరియల్.

"వాళ్ళ భాషలో అప్పా అంటే నాన్న, అవ్వా," అని నాకు వివరించింది. ఆ భాష తను నేర్చుకుంటోందట. "కొత్త భాష నేర్చుకుంటే మెదడు చురుగ్గా ఉంటాదంట. నువ్వు గూడా నేర్చుకో. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోకుండా ఉంటావు."

అప్పటికే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అయినా నేను తగ్గలేదు. "నా మెదడుకి ఆ వైద్యం నీకంటే చిన్న వయసులోనే అయిపోయిందిలేమ్మా," అన్నాను. అది నమ్మకుండా నవ్వింది. అందుకని సీరియల్ ఆపించి దానికి ఈ సంగతంతా చెప్పాను.

మాది పుంగనూరు. నేను ఐదో క్లాసు పరీక్షలు రాసిన ఎండాకాలంలో మా అమ్మ కాన్పుకి పుట్టింటికి పోయింది. నన్ను కూడా వెంట తీసుకుపోతే ఆ ఇంట్లో పురిటి మనిషికే కాదు, మంచి మనుషులకి కూడా నిద్ర ఉండదని పెద్దవాళ్ళందరూ ఒక్కమాట మీదికి వచ్చారు. పోనీ మా తాత దగ్గర ఉంచుదామంటే తాత ఒప్పుకోలేదు. అంతకు ముందు వారమే, ఆయన పాలు పితకడానికి చెంబు కడుక్కొచ్చేలోగా నేను దూడని విప్పేశాను. దూడ ఒక్క చుక్క మిగల్చలేదు. ఆ పూట తాత కాఫీ లేకుండా గడిపాడు. కాఫీ లేని మా తాతకి, ఆకలిగా ఉన్న చిరుతపులికి పెద్ద తేడా ఉండేది కాదు.

అందుకని నన్ను కుప్పంలో మా పెద్దనాన్న దగ్గరికి పంపించారు. ఆయనకి అక్కడి రైల్వే స్టేషన్లో ఉద్యోగం. నాన్న నన్ను బస్సెక్కించి, పలమనేరులో దించి, ఇంకో బస్సెక్కించి, దారంతా "ఆడైనా బుద్ధిగా ఉండు పాపా" అని చెప్పుకుంటూ తీసుకుపోయాడు. ఉంటానని ప్రతిసారీ తలూపాను.

పెద్దనాన్న వాళ్ళ క్వార్టర్స్ పట్టాల పక్కనే ఒక వరసలో ఉండేవి. పెంకుల కప్పు, అన్ని ఇళ్ళకీ కలిపి ఒకటే పొడుగాటి వసారా. అప్పుడింకా బొగ్గు ఇంజన్లు తిరిగేవి. గాలి పీలిస్తే బొగ్గు పొగ వాసన, దాని వెనకే ఎవరింట్లోనో వేగుతున్న ఎండుమిరపకాయల ఘాటు. మా పెద్దమ్మ ఉతికి ఆరేసిన తెల్ల పంచె మీద రోజూ నల్లటి నుసి పడేది. ఆమె దండెం కింద నిలబడి బెంగుళూరు రైలుని పేరుపెట్టి మరీ తిట్టేది. రైలు కూత పెట్టి పోయేది.

కుప్పంలో ఎవరు ఏ భాషలో మొదలుపెట్టి ఏ భాషలో ముగిస్తారో చెప్పడం కష్టంగా ఉండేది. మా పెద్దనాన్న స్టేషన్లో అరవం, పూలమ్మే ఆమెతో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. ఇంగ్లీషు మాత్రం కోపం వచ్చినప్పుడు వాడేవాడు. నాకు తెలుగు తప్ప ఏదీ రాదు. పుంగనూరులో ఆ సంగతి ఎవరూ నాకు లోపంగా చెప్పలేదు. ఇక్కడికొచ్చాక మొదటి రోజే తెలిసింది. ఆ చివరి ఇంటి కన్నడం పిల్ల ఆటకి పిలుస్తూ "ఇల్లి బా" అంటే, ఇంటికి పొమ్మంటోందనుకుని ఏడుపు మొహంతో ఇంటికొచ్చేశాను. తర్వాత తెలిసింది, వాళ్ళకి 'ఇల్లి' అంటే ఇక్కడ. అరవం పిల్లలకి 'ఇల్లె' అంటే లేదు. ఇది చాలదన్నట్టు కన్నడంలో 'ఇలి' అంటే ఎలుక. ఇల్లు అనే మాటని నమ్ముకుని పదేళ్ళు బతికినదాన్ని, ఒక్క రోజులో దారి తప్పిపోయాను.

మా పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. స్టేషన్లోనే పనిచేసే ఒకాయన తల్లి. అరవం వాళ్ళు అవ్వని పాటి అంటారు కాబట్టి క్వార్టర్స్ మొత్తానికీ ఆమె పాటి. పిడికెడు మనిషి, రెండు పక్కలా ముక్కుపుడకలు, దగ్గరికి పోతే ఆముదం వాసన, వక్కాకు వాసన. అన్నిటికంటే ముఖ్యంగా మురుకుల వాసన. ఆమె మధ్యాహ్నాలు వాము వేసి మురుకులు కాలిస్తే పక్క వరస క్వార్టర్స్ లోని పిల్లలు కూడా నిద్ర లేచేవాళ్ళు.

నేను వచ్చిన రెండో రోజు ఆ వాసన పట్టుకుని పోయి వాళ్ళ గడప దగ్గర నిలబడ్డాను. పాటి తలెత్తి, "ఎన్న వేణుం? సొల్లు," అంది.

మొదటి ముక్క అర్థం కాలేదు. రెండోది బాగా అర్థమైంది. సొల్లు కారుతోందంటోంది! సిగ్గుతో మూతి తుడుచుకున్నాను. "సొల్లు, సొల్లు!" అని గట్టిగా అంది. ఈసారి పావడా అంచుతో చెంపలు కూడా తుడుచుకున్నాను. "అడ, సొల్లు!" అని అరిచింది. ఏడ్చుకుంటూ పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఆ అవ్వ నాకు సొల్లు కారతాందని తిడతాండాది పెద్దమ్మా! యాడా లేదు సూడు!"

పెద్దమ్మ చేతిలో రాగి సంగటి కెలికే కట్టె అట్లాగే పట్టుకుని కూలబడి నవ్వింది. "సొల్లంటే చెప్పమని మే! ఏం కావాల్నో చెప్పమంటాండాది పాపం!"

మర్నాడు ధైర్యంగా పోయి "మురుక్కు" అన్నాను. పాటి చెవిలో వేలు పెట్టుకుని, వినపడనట్టు తల తిప్పుకుంది. చాలాసేపు నన్ను నిలబెట్టి, "ఎనక్కు మురుక్కు వేణుం" అని పలికించి, అప్పుడు ఒకటి చేతిలో పెట్టింది. నాకు మురుకు కావాలి అని అర్థం. అంతవరకు బాగానే ఉంది. మూడో రోజు ఆ వాక్యానికి మురుకు రాలేదు. ఎందుకు కావాలో కూడా చెప్పాలట. "పసిక్కుదు" అన్నాను, ఆకలేస్తోందని. ఇప్పుడే కదా మీ పెద్దమ్మ అన్నం పెట్టింది, నేను చూశాను అని ఆమె అరవంలో వాదించింది. దానికి జవాబివ్వడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అట్లా రోజురోజుకీ మురుకు ఖరీదు పెరుగుతూ పోయింది. కారణాలు అయిపోయాక కల్పించడం మొదలుపెట్టాను. మా పెద్దనాన్నకి జ్వరమనీ, నోటికి మురుకు తప్ప ఏదీ సహించడం లేదనీ చెప్పాను. పాటి వాకిట్లోకి తొంగిచూసి, సైకిల్ తొక్కుకుంటూ వస్తున్న మా పెద్దనాన్నని చూసి, నన్ను చూసి, మురుకు చేతిలో పెట్టింది. అబద్ధానికి కాదు, వాక్యానికి. నిజం చెప్పడానికి ఎంత తక్కువ భాషైనా సరిపోతుంది. అబద్ధం చెప్పి దాన్ని నిలబెట్టాలంటే మాత్రం భాష బాగా రావాలి. నాకు అరవం అంత త్వరగా పట్టుబడడానికి అదే కారణమని ఇప్పటికీ నా నమ్మకం.

ఇంకో వింత జరిగింది. పాటి వసారాలో బియ్యంలో రాళ్ళు ఏరుతూ, దారిన పోయేవాళ్ళ గురించి తనలో తనే చెప్పుకునేది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని వింటున్నాను. "అవన్ వందాన్," అంది. వాడు వచ్చాడని. "అవ వందా," అంది. ఆమె వచ్చిందని. ఇంతలో ఒక ఎద్దు వచ్చింది. "మాడు వందుదు," అంది.

మగవాడికొకటి, ఆడదానికొకటి, గొడ్డుకొకటి. మూడు వేరువేరు. నాకు తెలియకుండానే నా నోరు తెలుగులోకి మార్చుకుంది. నాన్న వచ్చినాడు. అమ్మ వచ్చింది. ఎనుము వచ్చింది.

ఉలిక్కిపడ్డాను. ఇంకోసారి అనుకున్నాను. అమ్మ వచ్చింది. ఎనుము వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆడుతున్న మాటే. ఎప్పుడూ చెవికి తగల్లేదు. పక్కింటి భాష వచ్చి పక్కన నిలబడేసరికి మన ఇంటి సంగతి బయటపడింది. పరిగెత్తిపోయి పెద్దమ్మని అడిగాను.

"పెద్దమ్మా, మనమూ ఎనుమూ ఒకటేనా?"

పెద్దమ్మ పొయ్యి ఊదుతూ, తల కూడా తిప్పకుండా, "పెండ్లయితే నీకే తెలుస్తాది పో," అంది.

పెద్దనాన్నని అడిగితే ఆయన ఆలోచించి, "రైలు గూడా వచ్చింది అనే అంటాం గదమ్మా. రైలంటే చిన్న విషయమా?" అన్నాడు. కాసేపు ఊరట కలిగింది గాని ఎక్కువసేపు నిలవలేదు.

ఆ వారంలోనే మా తాతా, మా అత్తా పుంగనూరు నుంచి వచ్చారు. అత్త అంటే తాత ఆఖరి కూతురు, మా నాన్న చెల్లెలు. ఆమెని చూసుకోవడానికి వాణియంబాడి నుంచి పెండ్లికొడుకు వాళ్ళు వస్తున్నారు. పెద్దనాన్న చూసిన సంబంధం. వాళ్ళు మన కులంవాళ్ళే గాని, తరాల కిందట అటు పోయి స్థిరపడినవాళ్ళు. ఇంట్లో కూడా అరవమే. పుంగనూరుకీ వాణియంబాడికీ మధ్యలో ఉందని కుప్పంలో చూపులు పెట్టుకున్నారు.

బస్టాండులో వాళ్ళు దిగీ దిగగానే నా గొడవ తాత ముందు పెట్టాను. "తాతా, నువ్వొస్తే వచ్చినాడు అంటారు. అత్తొస్తే వచ్చింది అంటారు. బస్సొచ్చినా వచ్చింది అనే అంటారు. అరవంలో ఇట్లా లేదు. ఇంకమీద నన్ను వేరేగా అనాల."

"ఏమనాల్నే నిన్ను? వచ్చినాడు అందునా?"

"వద్దు. వచ్చినారు అను."

"ముక్కు తుడుచుకోను రాదు, నీకు 'నారు' కావాల్నా?" అని తాత పైగుడ్డతో నా ముక్కు తుడిచాడు.

అత్త ఫక్కున నవ్వుతుందనుకున్నాను. ఆమె సంచీ భుజాన వేసుకుంటూ, "ఎనుముతో కలిపితే తప్పేముండాది నాయనా? అదే మేలు," అంది. "దాన్ని సూడ్డానికి వచ్చినోళ్ళు పాలెన్నిస్తాదని అడుగుతారు. నల్లగా ఉండాదని వదిలేసి పోరు."

తాత ఆమె భుజం మీది సంచీ తీసుకుని ముందు నడిచాడు. మా అత్త చామనఛాయ కంటే బాగా నలుపు. పెద్ద కళ్ళు, నవ్వితే ఎదుటివాళ్ళకి నవ్వు రావాల్సిందే. అయినా వచ్చిన సంబంధాలన్నీ కాఫీ తాగి, ఉత్తరం రాస్తామని చెప్పి, రాయకుండా ఉండిపోయాయి. ఇది కూడా పోతే ఇంకెవరికీ కనపడనని ఆమె పెద్దమ్మతో చెప్పుకోవడం నేను విన్నాను.

చూపుల రోజు పెద్దమ్మ తెల్లవారకముందే లేచి ఓళిగలు చేసింది. ఇల్లంతా కాగిన నెయ్యి, బెల్లం పూర్ణం వాసన. పాటి తన వంతుగా మురుకులు పంపింది. వచ్చినవాళ్ళు ముగ్గురు. పెండ్లికొడుకు తండ్రి, గుబురు మీసాల పెద్దమనిషి. తల్లి, జడలో మూర మల్లెపూలు పెట్టుకున్న భారీ మనిషి. పెండ్లికొడుకు పోస్టాఫీసులో పనిచేస్తాడట. వచ్చినప్పటి నుంచి తన పాదాలనే చూసుకుంటూ కూర్చున్నాడు.

అసలైతే నాలుగోవాడు కూడా రావాలి. రెండు భాషలూ వచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య. ఆయన ముందు స్టేషన్లో బోండాలు కొనుక్కోవడానికి దిగాడట. బోండాలు దొరికాయి, రైలు పోయింది. పెద్దనాన్నకా, ఆ పూటే ఏదో గూడ్సు బండి ఆగిపోయి స్టేషన్ నుంచి కదలడానికి లేకుండా పోయింది. పెద్దమ్మ అరవం బాగా మాట్లాడుతుంది గాని, మామగారి ఎదట వసారాలోకి వచ్చి మాట్లాడే అలవాటు లేదు. తాత మాత్రం ఏమీ కంగారు పడలేదు. "అరవమంటే ఏముండాది? తెలుగునే తోక కోసి పలికితే అరవం," అని మీసం దువ్వుకున్నాడు.

అత్త కాఫీలు ఇచ్చి, నమస్కారం పెట్టి, లోపలికి తిరిగింది. పెండ్లికొడుకు తల్లి ఇంత మొహం చేసుకుని, అందరికీ వినపడేలా అంది, "పొణ్ణు రొంబ నల్లా ఇరుక్కా!"

అత్త గడప దాటుతూ విన్నది. నేరుగా లోపలి గదిలోకి పోయి, బియ్యం మూట మీద మొహం పెట్టి పడిపోయింది. ఏమైందో తెలియక వెనకే పోయాను.

"మొగం మీదనే అనేసింది గదే," అంది ఏడుస్తూ.

"ఏమనింది?"

"పిల్ల నల్లగా ఉండాదని. రొంబ అని గూడా అనింది. రొంబ అంటే శానా అని నాకు తెలీదా?"

నాకు నవ్వాగలేదు. అత్త ఏడుపు మధ్యలోనే లేచి నా వీపు మీద ఒకటి వేసింది. వీపు తడుముకుంటూనే చెప్పాను. "నల్లా అంటే నలుపు కాదత్తా! మంచిగా అని! పాటి రోజూ అన్నం తిని 'సాదం నల్లా ఇరుక్కు' అంటాది. అన్నం తెల్లగా గదా ఉంటాది! నలుపుని వాళ్ళు కరుప్పు అంటారు."

అత్త తలెత్తింది. ఆమె బుగ్గకి బియ్యం గింజలు అంటుకుని ఉన్నాయి. అన్నం తెల్లగా ఉంటుందన్న మాట ఆమెలోకి పోవడం నాకు కనిపించింది.

"అయితే ఏమనినట్లు?"

"పిల్ల శానా బాగుండాది అనింది."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను.

"వాళ్ళ మాటలోనే చెప్పు."

"పొణ్ణు రొంబ నల్లా ఇరుక్కా."

ఇంకా ఎన్నిసార్లు చెప్పించుకునేదో గాని, ఇంతలో వసారాలోంచి మా తాత గొంతు పెద్దదయింది.

జరిగింది ఇది. 'నల్లా' అన్న మాట తాత కూడా విన్నాడు. నలుపు సంగతి ఎత్తేశారు, ఇంక నాన్చితే చేజారిపోతారు అనుకుని, ముహూర్తం మాట తీశాడు. "మాకు కొంచెం తొందర ఉండాదప్పా," అన్నాడు.

తెలుగులో తొందర అంటే తొందరే. అరవంలో 'తొందరవు' అంటే బాధ, రోగం, ఏదో ఒక పీడ. పెండ్లికొడుకు తల్లి ఓళిగ నోటి దగ్గరే ఆపింది. "తొందరవా? పొణ్ణుక్కా?" అని అడిగింది, పిల్లకా అని.

తాతకి ఆమె అర్థం చేసుకున్నందుకు సంతోషం కలిగింది. నవ్వుతూ, "పిల్లకే కాదమ్మా! మా వంశంలోనే ఉండాది తొందర! మా నాయనకి మరీ ఎక్కువ. నాకు పుట్టినప్పటి నుంచి ఉండాది. నా బిడ్డకి నా నుంచే వచ్చింది!" అన్నాడు.

ఆమె ఓళిగ తట్టలో పెట్టేసింది. మొగుడి వైపు చూసింది. పెండ్లికొడుకు మొదటిసారి పాదాల మీంచి చూపు తీసి తాతని పరీక్షగా చూశాడు, ఏ రోగమో కనిపిస్తుందేమోనని. మీసాల పెద్దమనిషి గొంతు సవరించుకుని, మర్యాదగా, "అప్పడియా... ఎంగళుక్కు ఒణ్ణుం అవసరం ఇల్లె," అన్నాడు.

అరవంలో 'అవసరం' అంటే తొందర. మాకేం తొందర లేదు, మెల్లగా చూద్దాం అన్నాడాయన. తాతకి మాత్రం తెలుగే వినపడింది. ఈ సంబంధం మాకు అవసరం లేదు!

"అవసరం లేదా?" అని తాత లేచి నిలబడ్డాడు. "అవసరం లేనోళ్ళు ఇంతదూరం యాల వచ్చినారప్పా? అవసరం లేనోళ్ళు ఓళిగలు యాల తినినారు?"

ఆయన కూడా లేచాడు. తాత ఎందుకు అరుస్తున్నాడో తెలియక, ఇదే ఆ వంశపు తొందర కాబోలనుకుని, భార్యకి అడ్డంగా నిలబడ్డాడు. నేను వసారాలోకి దూకాను.

"తాతా, ఆయన అవసరం అంటే అవసరం కాదు! తొందర! వాళ్ళ అవసరం మన తొందర, మన తొందర వాళ్ళకి రోగం!"

"ఈ పిల్లకి ఎండ దెబ్బ తగిలింది, లోపల పండుకోబెట్టండి," అన్నాడు తాత.

నేను అటు తిరిగి పెండ్లికొడుకు తల్లికి అరవంలో చెప్పడం మొదలుపెట్టాను. రోగం లేదు, పెండ్లి చేయాలనే తొందర తప్ప ఇంకేమీ లేదు అని. మురుకుల కోసం నేర్చుకున్న అరవం కాబట్టి మధ్యలో ఎక్కడో 'పసిక్కుదు' కూడా వచ్చేసింది. ఆమె నన్ను చూసింది, తాతని చూసింది. ఎవర్ని నమ్మాలో తెలియని మొహం పెట్టింది.

అప్పుడు పక్క వసారాలోంచి, అచ్చమైన మా చిత్తూరు తెలుగులో ఒక గొంతు వినిపించింది. "పిల్ల సరిగ్గానే చెప్తాండాది గదప్పా! కూసో ముందు. వాళ్ళకి తొందర లేదనినాడు, అంతే. నీకు తొందరుండాదంటే పిల్లకేదో జబ్బుండాదనుకున్యారు. నువ్వేమో వంశమంతా జబ్బే అంటివి!"

పాటి! ఎండాకాలమంతా ఒక్క తెలుగు ముక్క రానట్టు చెవిలో వేలు పెట్టుకున్న పాటి! ఆమె వచ్చి, అదే మాట వాళ్ళకి అరవంలో చెప్పింది. ముందు నవ్వింది పెండ్లికొడుకు తల్లి. ఆమె నవ్వితే వసారా బల్ల కదిలింది. తర్వాత మీసాలాయన. "అప్ప తొందరవు ఇల్లియా?" అని అడిగాడు. అయితే జబ్బు లేదా అని. "లేదప్పా, గుండ్రాయి మాదిరి ఉండాది నా బిడ్డ," అన్నాడు తాత, ఇంకా సగం కోపంతోనే. ఓళిగల తట్ట మళ్ళీ ఆమె ఒళ్ళోకి చేరింది.

పెండ్లి ఖాయమై, తాంబూలాలు కూడా మార్చుకున్నాక, తర్వాతి రైలుకి పేరయ్య చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. చేతిలో బోండాల పొట్లం. "ఇంగ మొదలు పెడదామా?" అన్నాడు.

ఆ సాయంత్రం పాటిని నిలదీశాను. "నీకు తెలుగొచ్చా?"

"నేను పుట్టిందే పలమనేరులో."

"మరి నాతో యాల మాట్లాడలా?"

"మాట్లాడుంటే నువ్వు అరవం నేర్సుకుని ఉందువా?" అని, ఆ రోజు ఏ వాక్యమూ అడక్కుండానే మురుకు ఇచ్చింది. ఎందుకో అంత రుచిగా అనిపించలేదు.

ముహూర్తం దాకా అత్త కుప్పంలోనే ఉండిపోయింది. అత్తగారింట్లో అందరూ అరవమే కాబట్టి నేర్పించమని నన్నే అడిగింది. జీవితంలో మొదటిసారి ఒక పెద్ద మనిషికి పాఠం చెప్పే అవకాశం. నేను బెత్తం కూడా తయారు చేసుకున్నాను. నాలుగు రోజులు అలవాటయ్యాక పాటి నాతో మాట్లాడేటప్పుడు ప్రతి మాట చివరా 'డీ' అనేది. మనం 'ఒసే' అన్నట్టు. అది చిన్నపిల్లల్ని, చనువున్న ఆడవాళ్ళని పిలిచే పిలుపని నాకు తెలియదు. క్రియాపదానికి అది కూడా ఒక ముక్క అనుకున్నాను. "రండి అంటే వాడీ. కూర్చోండి అంటే ఉక్కారుడీ. నీళ్ళు తాగండి అంటే తణ్ణి కుడిడీ," అని బల్ల గుద్ది నేర్పించాను. అత్త శ్రద్ధగా వల్లె వేసింది.

పెండ్లి పుంగనూరులో జరిగింది. పెండ్లికూతురికి తోడుగా నన్ను వాణియంబాడి పంపించారు. మర్నాడు పొద్దున ఆ ఇల్లు చుట్టాలతో నిండిపోయి ఉంది. పెండ్లికొడుకు తల్లి ఎండలో బజారు నుంచి అరటాకులు పట్టుకుని వచ్చింది. కొత్త కోడలు ఎదురెళ్ళి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నాకు గర్వంతో ఒళ్ళు పులకరించేలా స్పష్టంగా అంది:

"వాడీ! ఉక్కారుడీ! తణ్ణి కుడిడీ!"

రావే, కూర్చోవే, నీళ్ళు తాగవే అని అత్తగారితో!

కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్ళ కత్తిపీటలు ఆగిపోయాయి. ఎవరో ముసలాయన దగ్గడం మొదలుపెట్టి ఆపేశాడు. ఏదో తప్పు జరిగిందని అత్తకి తెలిసింది, ఏమిటో తెలియలేదు. నా వైపు చూసింది. నేను, బాగా చెప్పావని తలూపాను.

ఆమె అరటాకులు కింద పెట్టింది. కూర్చోమన్నచోట కూర్చుంది. నీళ్ళు తీసుకుని చెంబెత్తి మొత్తం తాగింది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. అత్త చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. అత్తకి అర్థం కాక నన్ను చూస్తే, నేను చెప్పాను. "వాళ్ళమ్మ పోయినాక ఆమెని డీ అని పిలిచేవాళ్ళే లేరంట."

ఆ రోజే అత్తకి 'ఉక్కారుంగ' అనే మర్యాద మాట నేర్పించారు. నలుగురిలో అదే వాడింది. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం ఆ అత్తగారు డీ అని పిలిపించుకునేదని, చాలా ఏళ్ళ తర్వాత అత్త చెప్పింది.

ఆ క్వార్టర్స్ ఇప్పుడు లేవు. పాటి కొడుక్కి బదిలీ అయి ఎటో పోయారు, మళ్ళీ కలవలేదు. మొన్నామధ్య కుప్పం పోతే, మా బంధువుల పిల్లలు మూడు భాషలూ వదిలేసి ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు.

రెండు భాషలు వస్తే తెలివి పెరుగుతుందో లేదో నాకు తెలియదు. మా తాతకి ఒకటే వచ్చు, తెలివికేం తక్కువ లేదు. నాకు మాత్రం ఆ ఎండాకాలం నుంచి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరైనా ఒక మాట అంటే వెంటనే కోపం రాదు. ఈ మనిషి దగ్గర ఈ మాటకి ఇంకేదైనా అర్థం ఉందేమోనని కాస్త ఆగుతాను. కాపురానికి మదనపల్లె వచ్చిన కొత్తలో మా అత్తగారు ఏమన్నా అట్లాగే ఆగేదాన్ని. ఎన్ని పోట్లాటలు తప్పాయో లెక్కలేదు. మా ఆయన మాత్రం నాకు చెవుడనుకున్నాడు.

అత్త ఇప్పటికీ వాణియంబాడిలోనే ఉంది. ప్రతి వారం ఫోన్ చేసి నాతో తెలుగులోనే మాట్లాడుతుంది. అక్కడ ఎవరితోనూ తెలుగు మాట్లాడే వీలుండదు కాబట్టి దాచిపెట్టుకున్నదంతా నా దగ్గరే ఖర్చు పెడుతుంది. పోయిన ఏడు మామ పోయిన రోజు కూడా ఫోన్ చేసింది. ఆ రోజు చాలాసేపు ఒక్క తెలుగు మాట రాలేదు. ఆయనతో బతికిన భాషలోనే ఏడ్చింది.

నేను కూడా ఆ భాషలోనే ఏదైనా చెప్పాలనుకున్నాను. నాకు వచ్చిన అరవమంతా పాటి వంటింటి అరవం. అందులో తిండి ఉంది, తిట్లున్నాయి, అబద్ధాలున్నాయి. ఓదార్చే మాట ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. చివరికి, "సాప్పిట్టియా అత్తా?" అన్నాను. తిన్నావా అని.

అటువైపు ఏడుపు ఆగింది. "ఇల్లె," అంది.

ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది. "రసం సాదం ఇరుక్కు," అంది, చారన్నం ఉందని. ఇంకోసారి ముక్కు చీది, "పోయి ఇంత తింటాలే పాపా," అని ఫోన్ పెట్టేసింది.